దక్కను పీఠభూమిపై చిన్న విమానములు: ప్రమాద కారణములు

ఏబదిమందికి మించని ప్రయాణికులను నగరమునుండి జిల్లా పట్టణమునకు గాని, ఒక్కొక్కయెడ ఇద్దరు ముగ్గురను మాత్రమే దూరపు సభాస్థలికి గాని చేర్చు విమానమును, హెలికాప్టరును ఈ వ్యాసమున చిన్న విమానమని వ్యవహరింతుము. డకోటా, ఆవ్రో, ఫాకర్, డోర్నియర్, సెస్నా, బెల్ అను పేర్లతో తెలుగువారికి పరిచితములైన యంత్రములును, సోవియట్ దేశమున ఆంటొనోవ్, యాకొవ్లెవ్ రూపకల్పన సంస్థలనుండి వెలువడి సైబీరియా పల్లెలకును పామీరు లోయలకును తిరిగిన యంత్రములును ఈ కోవకు చెందినవే. పోలికకై అవసరమైనచోట ఒకటి రెండు పెద్ద విమానముల ప్రస్తావనయు రాగలదు. ప్రమాదమునకు కారణము ఒక్కటియే యని చెప్పుట పత్రికలకు సులభము. విచారణ నివేదికలను ఓపికతో చదివినవారికి మాత్రము గాలి, కొండ, మర, మనిషి, వానిపై అధికారము చూపు మాట, ఇవి యన్నియు ఒక దాని వెనుక ఒకటి గొలుసువలె కలిసికొని వచ్చుట కనబడును. ఆ గొలుసులో ఏ కొక్కెము బలహీనమో నిర్ణయించుటయే ఈ శాస్త్రము యొక్క పని.

గాలి పలుచన

అనంతపురము ప్రాంతము పడమటి కనుమల చాటున ఉండుటచేత నైరృతి ఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికి తేమను చాలవరకు విడిచివచ్చును. ఈశాన్య ఋతుపవనము తెచ్చు వానయు తూర్పు తీరముననే చాలభాగము కురిసి వెలియును. సంవత్సర సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. వేరుశనగ వేసిన రైతు ఆకసమువైపు చూచునది మబ్బుకొరకే గాని విమానముకొరకు గాదు. అయినను విమానము నడపువానికి ఈ నేల గొప్ప పాఠశాల. ఏలయనగా రెక్కను పైకెత్తునది గాలి బరువు. ఎత్తైన నేలపై ఎండకాచిన గాలికి ఆ బరువు తక్కువ.

1990 నవంబరు 24న ప్రారంభమైన పుట్టపర్తి విమానాశ్రయము సముద్రమట్టమునకు దాదాపు 475 మీటర్ల ఎత్తున కొండల నడుమ నున్నది. రోహిణీ కార్తె మధ్యాహ్నమున, ఉష్ణమానము 40 డిగ్రీలకు చేరినవేళ, అచ్చటి గాలి సాంద్రతను లెక్కించినచో సముద్రతీరపు ప్రామాణిక సాంద్రతకంటె నూటికి ఇంచుమించు పదమూడు పాళ్లు తక్కువ తేలును. అనగా నేలపై నిలిచియున్న విమానము, తన రెక్కల దృష్టిలో, 1,400 మీటర్ల ఎత్తున, అంటే హార్సిలీ కొండ శిఖరముకంటెను పైన, నిలిచియున్నదన్నమాట. రెక్కకు ఎత్తు శక్తి తగ్గును. పంఖమునకు పట్టు తగ్గును. ఇంజినులో ఇంధనము మండుటకు కావలసిన ప్రాణవాయువు తగ్గును. మూడు నష్టములు ఒక్కసారి సంభవించుటచేత, పిస్టను ఇంజిను గల చిన్న విమానమునకు నేల విడుచుటకు పట్టు పరుగు, తీరమున చల్లని ఉదయమున పట్టు పరుగుకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. నేల విడిచిన తరువాతను ఎక్కుట మందగించును. చక్రములు లేచినవి గదా యని పైలటు తృప్తిపడు క్షణముననే ఎదుటి చెట్టు, గుట్ట, విద్యుత్ తీగ దగ్గరపడుచుండును. బరువు తగ్గించుకొనుట, ఉదయమే బయలుదేరుట, లెక్కవేసి చూచుకొనుట తప్ప దీనికి మందు లేదు. ఈ మూడును ఖర్చులేని పనులే.

పీఠభూమి గాలికి మరియొక లక్షణము కలదు. ఎఱ్ఱనేల ఒక తీరున, నల్లరేగడి ఒక తీరున, బండరాళ్ల గుట్ట ఒక తీరున, అడుగంటిన చెరువు ఒక తీరున ఎండకు కాగును. కాగినచోటినుండి గాలి పైకి ఎగయును, ప్రక్కచోట క్రిందికి దిగును. పదునైదు టన్నుల విమానము దీనిని కుదుపుగా మాత్రమే ఎఱుగును. ఒక టన్ను విమానము దీనికి లొంగి నడువవలసియుండును. మే నెల సాయంకాలపు ఉఱుముల మేఘము క్రింద చల్లని గాలి ఒక్కుమ్మడిగా నేలకు దిగి నలుదెసలకు వ్యాపించుటను మన రైతులు ఈదురుగాలి అని పేర్కొందురు. వాన చినుకు పడకమునుపే పందిళ్లను లేవనెత్తు ఆ గాలి, దిగబోవు చిన్న విమానమునకు మొదట ఎదురుగాలియై ఊతమిచ్చి, మరుక్షణమున వెనుకగాలియై ఊతమును లాగివేయును. ఈ గాలిని ఇచ్చటి పశుల కాపరి ఎఱిగినంతగా పట్టికలు ఎఱుగవు.

డకోటాల కాలము

తెలుగునాట క్రమముగా నడచిన తొలినాళ్ల విమాన సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్; 1945లో హైదరాబాదు నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించినది; బేగంపేట దాని నెలవు. యుద్ధానంతరము మిగిలిపోయిన డకోటాలే దాని బలము. అవి గట్టి యంత్రములు, పచ్చిక మైదానమునందైనను దిగగలవు; కాని మబ్బును చూపు రాడారు వానికి లేదు, చాల ఊళ్లలో దారిచూపు రేడియో కేంద్రము లేదు. 1951 నవంబరు 21న ఆ సంస్థ డకోటా ఒకటి కలకత్తా దమ్‌దమ్ వద్ద దిగబోవుచు కూలిపోయినది. 1953 ఆగస్టు 1న ప్రైవేటు సంస్థలన్నియు జాతీయము చేయబడి, దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. ఆ యేడే డిసెంబరు 12న నాగపూరునుండి ఎగిరిన రాత్రి టపా డకోటా, ఎగిరిన వెంటనే ఇంజిను శక్తి లోపించి పొలములలో పడి మండిపోగా 13 మంది మరణించిరి. పైలటు ఒక్కడు బ్రతికెను. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు విమానములు అర్ధరాత్రివేళ నాగపూరున కలిసి ఉత్తరములను మార్చుకొని తెల్లవారకమున్నే తిరిగి పోవుట ఆ టపా పద్ధతి. మన పల్లెలకు మరునాడే జాబు చేరుటకు ఎవరెవరో చీకటిలో ఇట్టి పందెము కాచిరను సంగతి ఇప్పుడు తలచువారు లేరు.

డకోటాల వెనుక కాన్పూరున తయారైన ఆవ్రోలు, హాలండు ఫాకర్లు వచ్చినవి. ఆవ్రో ప్రమాదములలో మన వ్యాసవిషయమునకు మిక్కిలి దగ్గరైనది 1971 డిసెంబరు 9 నాటిది. తిరువనంతపురమునుండి మదురకు పోవుచున్న విమానము, కంటిచూపుతో దారి కనుగొందమను నమ్మకముతో మసక వాతావరణమున క్రిందికి వచ్చి చిన్నమనూరు సమీపమున ఎత్తైన నేలకు తగిలినది. 31 మందిలో 21 మంది మరణించిరి. మర చెడలేదు, విమానము చెప్పినట్లు వినుచునే కొండలోనికి పోయినది. ప్రపంచమంతటను చిన్న విమానములను హెచ్చుగా బలిగొన్న తీరు ఇదియే. కొండ యున్నదని పటమునందున్నది, పైలటునకు తెలియును. ఆ క్షణమున తాను ఎచ్చట నున్నాడో మాత్రము తెలియదు.

1981లో ఏర్పడిన వాయుదూత్ చిన్న పట్టణములకు విమానము నందింపవలెనను సదాశయముతో పుట్టినది. అప్పటి డోర్నియరు విమానములు పందొమ్మిదిమంది ప్రయాణికులతో, తగినంత సౌకర్యము లేని మైదానములకు పోవుచుండెడివి. 1988 అక్టోబరు 19న గౌహతి వద్ద దాని ఫాకరు కూలి అందున్న 34 మందియు మరణించిరి. అదే ఉదయము అహమదాబాదున ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగు కూడ కూలుటచేత లోకము దృష్టి పెద్ద విమానముపైననే నిలిచినది. చిన్న విమానపు మరణము వార్తలలోను చిన్నదే.

నల్లమల

రాయలసీమ మఱవలేని ప్రమాదము 2009 సెప్టెంబరు 2 నాటిది. ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లా అనుపల్లి గ్రామమున రచ్చబండ కార్యక్రమమును ప్రారంభించుటకు ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేటనుండి బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరిరి. ఇద్దరు పైలటులు, ముఖ్యమంత్రి, ఆయన కార్యదర్శి, ప్రధాన భద్రతాధికారి, మొత్తము ఐదుగురు. తొమ్మిదిన్నర కాకమునుపే సంబంధము తెగిపోయినది. ఆ దినమంతయు వానలో, రాత్రియంతయు చీకటిలో వెదకగా మరునాటి ఉదయము నల్లమల అడవిలో పావురాలగుట్ట వద్ద శకలములు కనబడినవి, ఎవరును మిగులలేదు. అనంతపురము, కడప, కర్నూలు పల్లెలలో రేడియో చుట్టును దూరదర్శని చుట్టును గుమిగూడి ఆ ఇరువదినాలుగు గంటలు గడపినవారికి అది లెక్కలకందు విషయము గాదు. అయినను లెక్కకందునదే ఇచ్చట చెప్పవలసియున్నది.

కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము తేల్చినది ఇట్లున్నది: హెలికాప్టరు ఉఱుముల మేఘమునందలి తీవ్రమైన అధోముఖ వాయుప్రవాహమున చిక్కి, అదుపు తప్పి, మిక్కిలి వేగముతో నేలకు పడినది, ఇంజిను శక్తిని పంఖమునకు చేర్చు గేర్లపెట్టె చమురు ఒత్తిడికి సంబంధించిన ఒక చిన్న లోపమును సరిచూచుటలో పైలటులు నిమగ్నులగుట ఇందుకు తోడ్పడిన కారణము. సంభాషణలను నమోదుచేయు యంత్రము దొరకుటచేత ఈ రెండవ సంగతి వెలుగులోనికి వచ్చినది. ఇద్దరు అనుభవజ్ఞులు ఒక దీపము వెలిగినదను చింతతో సూచనల పుస్తకము పుటలు త్రిప్పుచుండగా, కిటికీకి ఆవల మేఘము తన పని తాను చేసికొనుచుండెను. చిన్నలోపము పెద్దముప్పునుండి మనసును మళ్లించుట విమానశాస్త్రమున కొత్త గాదు. పెద్ద విమానములయందును ఇట్టివి జరిగినవి. కాని పెద్ద విమానమునకు ఎత్తున ఎగురు అవకాశము కలదు. మేఘమును దాటిపోవు ఇంధనము కలదు. నేలపైనుండి దానిని కనిపెట్టు రాడారు కలదు. అడవిపై తక్కువ ఎత్తున పోవు హెలికాప్టరునకు ఇవి కొఱత.

నివేదికలో వాయుప్రవాహమునకు ఇచ్చిన స్థానము సబబే. కాని నా అభిప్రాయమున గొలుసులో మొదటి కొక్కెము బేగంపేటనే ఉన్నది. సెప్టెంబరు ఆరంభమున కృష్ణకు దక్షిణమున అట్టి మేఘములు లేచుట వింతగాదు. నేడు దారి బాగులేదు, రెండు గంటలు ఆగుదము, లేదా రోడ్డుపై పోవుదము అని చెప్పుటకు హక్కును ధైర్యమును గల ఒక ఉద్యోగి, ప్రయాణికునిచేత గాని ఆయన కార్యాలయముచేత గాని ప్రభావితుడు కానివాడు, బయలుదేరుటకు ముందు ఉండవలెను. పెద్ద విమాన సంస్థలయందు ఈ పనికి ప్రత్యేక శాఖలున్నవి. ముఖ్యులు ఎక్కు చిన్న విమానముల విషయమున ఈ భారమంతయు పైలటుపై పడును. వేలమంది ఎదురుచూచు సభకు పోవు నాయకునితో వద్దనుట ఎంత కష్టమో పైలటు కానివాడును ఊహింపగలడు.

నల్లమల ప్రమాదమునకు ఏడేండ్లు ముందు, 2002 మార్చి 3 ఉదయమున, లోకసభాపతి జి.ఎం.సి. బాలయోగి భీమవరమునుండి బెల్ 206 హెలికాప్టరులో హైదరాబాదునకు బయలుదేరి మంచులో చిక్కుకొనిరి. పైలటు దిగుటకు చోటు వెదకుచుండగా హెలికాప్టరు కైకలూరు సమీపమున కొవ్వాడలంక వద్ద చేపల చెరువునందు పడెను. అందున్న ముగ్గురును మరణించిరి. కొల్లేటి పరిసరమున నిశ్చలమైన నీరు మంచు క్రింద గట్టినేలవలె కనబడుట అచ్చటివారు ఎఱిగినదే. దిగవలెనని నిశ్చయించుట సరియైన నిర్ణయము. ఆ నిర్ణయము భీమవరమున చేయవలసియుండెను.

2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య, ఆమె సోదరుడు, మరి ఇద్దరు బెంగుళూరు జక్కూరు మైదానమునుండి కరీంనగరు ఎన్నికల ప్రచారమునకు సెస్నా 180లో ఎగిరిరి. విమానము వంద అడుగుల ప్రాంతమునకు మాత్రమే లేచి, ప్రక్కకు ఒరిగి, వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణమున పడి మండిపోయినది. నలుగురును మృతులైరి. జక్కూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తునకు మించిన నేల, మాసము ఏప్రిల్, వేళ పగటి పదునొకండు గంటలు. ఎత్తైన నేల, ఎండవేళ, నిండిన విమానము, ఎగిరిన వెంటనే మలుపు అనునవి ఒకచోట కూడినప్పుడు పైలటునకు మిగులు అవకాశము ఎంత స్వల్పమో పైన చెప్పిన లెక్కయే చూపగలదు. శిక్షణ విమానముల ప్రమాదములు వేరొక శాఖ. 2019 అక్టోబరున వికారాబాదు జిల్లా బంట్వారము ప్రాంతమున సెస్నా 172 కూలి ఇద్దరు విద్యార్థి పైలటులు, 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున సెస్నా 152 కూలి ఒక యువతి మరణించుట ఇటీవలి ఉదాహరణలు.

సోవియట్ దేశపు అనుభవము

మన పీఠభూమిలో ఎండ చేయు పనిని సోవియట్ దేశమున మంచు చేసినది. ఏరోఫ్లోట్ అను ఒక్క సంస్థ దేశమంతటికిని విమానములు నడపెడిది. 1970ల నడుమనాటికి ఏటా పది కోట్లమంది అందు ప్రయాణించిరి. రైలు లేని, రోడ్డు బురదలో మునుగు పల్లెలకు విమానమే బస్సు. 1947లో పుట్టిన రెండంతస్తుల రెక్కల ఆంటొనోవ్-2, ఏబది సీట్ల ఆంటొనోవ్-24, మూడు జెట్ ఇంజినులతో పచ్చికనుండి ఎగురు యాకొవ్లెవ్-40, ఇవి ఆ స్థానిక మార్గములకు వెన్నెముక. యాక్-40 తొలిసారి ఎగిరినది 1966లో; ప్రయాణికులను మోసినది 1968నుండి. చిన్న ఊరి పచ్చిక బయలునుండి జెట్టును నడపవలెనని కోరి, అందుకు తగినట్లు తిన్నని వెడల్పాటి రెక్కనిచ్చి, మెట్లు కూడ తోకలోనే అమర్చిన ఆ రూపకల్పన పేదదేశములు గమనింపదగిన బుద్ధికుశలత.

అయితే ఆంటొనోవ్ తరహా టర్బోప్రాప్ విమానమునకు శీతకాలమున తోకపై మంచు పేరుకొనుట గొప్ప శత్రువు. రెక్కపై మంచు పైలటునకు కనబడును, తోకపైది కనబడదు. దిగుటకై ఫ్లాపులను పూర్తిగా దించినంతనే, తోక తన పట్టును కోల్పోయి, విమానము ముక్కు ఒక్కసారి క్రిందికి వంగును. గింజను పొడుచు కోడివలె వంగుటచేత రష్యను పైలటులు దానిని పొడుపు అని పిలిచిరి. నేలకు దగ్గరగా జరుగుటచేత సర్దుకొనుటకు ఎత్తుండదు.

యంత్రదోషమునకు మరియొక ఉదాహరణ 1982 జూన్ 28 నాటిది. నేటి బెలారస్‌లోని మొజీర్ ప్రాంతమున యాక్-42, తోకరెక్క కోణమును మార్చు మరమేకు అరిగి విఱిగిపోగా గాలిలోనే అదుపుతప్పి కూలి 132 మందిని బలిగొన్నది. ఆ తరహా విమానములన్నియు రెండేండ్లు నిలుపబడినవి. ఇది పెద్ద విమానమే యైనను, పదునారేండ్లకు మన కొచ్చిలో జరిగినదానికి అన్నవంటిది. 1998 జూలై 30న అలయన్స్ ఎయిర్ డోర్నియరు కొచ్చినుండి ఎగిరిన వెంటనే ముక్కు నిట్టనిలువుగా లేచి, వేగము కోల్పోయి, నౌకాదళపు కట్టడముపై పడినది. విమానమందలి ఆరుగురు, నేలపై ముగ్గురు మరణించిరి. తోకరెక్కను కదలించు యంత్రమును బిగించు అమరికలో ఉండవలసిన బిగింపులు లేకపోవుటయే కారణమని తేలినది. ఒకచోట రూపకల్పనలోని తప్పు, మరియొకచోట కర్మశాలలోని అశ్రద్ధ. రెండును ఆగినది తోకలోనే. డోర్నియరు నడుపు ప్రతి కర్మశాలలోను ఈ కొచ్చి నివేదిక గోడకు వ్రేలాడవలెనని నా మనవి.

మనిషి చేయు తప్పులలో 1986 అక్టోబరు 20న కుయిబిషెవ్ వద్ద జరిగినదానికి సాటి లేదు. ఒక కెప్టెను, కిటికీకి తెరవేసి పరికరములను మాత్రమే చూచి దింపగలనని సహపైలటుతో పందెము వేసి, తుపొలెవ్-134ను నేలకు కొట్టెను. 70 మంది మరణించిరి. అధికారుల తప్పులలో 1981 ఆగస్టు 24 నాటిది చెప్పవలసినది. అమూరు నది ప్రాంతమున జవితిన్స్క్ పైని ఆకసమున, సైనిక అధికారులకును పౌరవిమాన అధికారులకును సరియైన సంప్రదింపు లేనందున, ఆంటొనోవ్-24 ఒకటి తుపొలెవ్-16 బాంబరుతో ఢీకొన్నది. రెండింటను 37 మంది మరణింపగా, ఐదువేల మీటర్లకు మించిన ఎత్తునుండి శకలముతో కూడ పడిన లరీసా సవీత్‌స్కయా అను ఇరువదేండ్ల యువతి ఒక్కతె బ్రతికినది. మూడవనాడు ఆమెను కనుగొనిరి. అప్పుడే పెండ్లియాడిన భర్త ఆమె ప్రక్కనే ఉండెను, అతడు బ్రతుకలేదు. ఏండ్ల తరబడి ఈ సంగతి పత్రికలలో రాలేదు. విదేశీయులు లేని ప్రమాదమును దాచిపెట్టుట అప్పటి పద్ధతి. ఒక ఊరి పైలటు చేసిన తప్పు మరియొక ఊరి పైలటునకు తెలియకపోవుటకంటె గొప్ప ప్రమాద కారణము వేరొకటి ఉండునా?

సోవియట్ రాజ్యము విడిపోయిన రెండేండ్లకు, 1993 ఆగస్టు 28న, తజికిస్తాను అంతర్యుద్ధమున ఖొరోగ్ మైదానమునుండి యాక్-40 ఎగురబోయినది. రెండు వేల మీటర్ల ఎత్తున లోయ. సీట్లు 28, ఎక్కినవారు 86 మంది. సాయుధులు తుపాకి చూపి పైలటులను బలవంతపెట్టిరి. విమానము లేవలేక రాళ్లకు తగిలి పంజ్ నదిలో పడగా నలుగురు మాత్రమే మిగిలిరి. ఇచ్చటను వద్దని చెప్పుటకు హక్కు లేని పైలటే కనబడుచున్నాడు. తుపాకికిని సభావేళకును భేదము చాలనున్నది. పైలటు ఆసనమునందు కూర్చున్నవానికి రెండును ఒత్తిడియే.

సోవియట్ వంశపు విమానము తెలుగు కుటుంబముల దుఃఖమునకు నేరుగా కారణమైన సందర్భము ఒకటి కలదు. ఆంటొనోవ్-24నుండి ఆంటొనోవ్-26, దానినుండి హిమాలయములవంటి ఎత్తైన ప్రదేశముల కొరకును వేడి ప్రదేశముల కొరకును మిక్కిలి బలమైన ఇంజినులతో ఆంటొనోవ్-32 రూపొందినవి. భారత వైమానిక దళము 1984నుండి దీనిని వాడుచున్నది. 2016 జూలై 22న తాంబరమునుండి పోర్ట్‌బ్లెయిర్‌కు పోవుచున్న అట్టి విమానము, 29 మందితో, చెన్నపట్టణమునకు తూర్పున బంగాళాఖాతముపై రాడారునుండి మాయమైనది. అందు ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాయుధాగార ఉద్యోగులు. నెలల తరబడి వెదకినను జాడ దొరకలేదు. 2024 జనవరిలో, మానవరహిత జలాంతర యంత్రము తీసిన చిత్రములలో, దాదాపు 3,400 మీటర్ల లోతున శకలములు కనబడినవని ప్రభుత్వము ప్రకటించినది. ఏడున్నరేండ్లు ఆ ఇండ్లలో నమ్మకమునకును శ్రాద్ధమునకును నడుమ కాలము గడచినది.

మబ్బును వెదకుచు

ప్రమాదపు అంచున కావలెననియే ఎగురు చిన్న విమానములు అనంతపురమునకు సుపరిచితములు. 2003నుండి కొన్నేండ్లపాటు రాష్ట్ర ప్రభుత్వము మేఘమథనమను పేర, వాన కురియుటకై మబ్బులో అయోడైడు పొడిని చల్లు విమానములను ఈ కరవు జిల్లాపైకి పంపినది. అన్ని విమానములును తప్పించుకొని పోవు పెరుగుచున్న మబ్బు అంచునకే ఇవి పోవలెను. అచ్చట పైకెగయు గాలి సెకనుకు అనేక మీటర్ల వేగముతో ఉండును. నీటి బిందువులు శూన్యడిగ్రీకి తక్కువైనను గడ్డకట్టక, రెక్కను తాకినంతనే మంచుగా మారును. అందుచేత ఈ పనికి రాడారు మార్గదర్శనము, మంచును తొలగించు పరికరములు, ప్రత్యేక శిక్షణ కావలెను. వాన ఎంత పడినదను విషయమై అప్పుడు పల్లెలలో వాదములు చాల జరిగినవి. ఆ పైలటులు ఏ గాలిలో ఎగిరిరను విషయమై ఒక్క మాటయు వినబడలేదు. ఎండిన చేనిగట్టున నిలిచి ఆ విమానపు చప్పుడు విన్నవానిగా, వారికి ఆలస్యముగానైనను ఇచ్చట కృతజ్ఞత చెప్పుకొనుచున్నాను.

ఇప్పుడు రామగిరి, కదిరి ప్రాంతముల గుట్టలపై గాలిమరలు నిలిచినవి. వానిలో పెద్దవాని రెక్కల కొన నేలకు నూరు మీటర్లు దాటును. మసకలో తక్కువ ఎత్తున పోవు హెలికాప్టరునకు, పాత పటములు ఎఱుగని కొత్త కొండలివి.

విచారణ

1934 నాటి విమాన చట్టము క్రింద భారతదేశమున ప్రమాద విచారణ చాలకాలము పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయముదే. అనుమతులిచ్చువారే తప్పు వెదకుటలో గల ఇబ్బందిని గుర్తించి 2012లో ప్రత్యేక ప్రమాద పరిశోధన సంస్థను నెలకొల్పిరి. ఇది సరియైన మార్పు. విచారణ ఉద్దేశము నేరము మోపుట గాక మరల జరుగకుండ చేయుట అని అంతర్జాతీయ నియమము. కాని చిన్న విమానములలో మాటలను, కదలికలను నమోదుచేయు యంత్రములు తఱచుగా ఉండవు. బరువెక్కువనియు ఖర్చనియు వానిని విడిచిరి. యంత్రము దొరకినచోట నల్లమలవలె కారణము తేలినది. దొరకనిచోట నివేదికలు ఊహతో ముగిసినవి. నేటి పరికరము అరచేత ఇముడునంతటిది. ప్రయాణికులను మోయు ప్రతి చిన్న విమానమునందును దానిని విధిగా ఉంచుటకు ఇక అడ్డు చెప్పరాదు.

పుట్టపర్తిలో ప్రత్యేక విమానములు నేటికిని దిగుచున్నవి. ఎన్నికల వేళలలో పాఠశాల మైదానములే హెలిప్యాడులగుచున్నవి. నల్లమల నివేదిక మొదలుకొని మన దేశపు ప్రమాదములపై వెలువడిన నివేదికలు ఆంగ్లముననే ఉన్నవి. 1946లో మద్రాసు గిండీలో పుట్టి 1948లో మన అనంతపురమునకు తరలివచ్చిన ఇంజినీరింగు కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయముగా ఎదిగినది. అచ్చటి అధ్యాపకులు, విద్యార్థులు ఈ నివేదికలను తెలుగుచేసి, గాలి సాంద్రత లెక్కలను జిల్లా మైదానములకు మాసవారీగా కట్టి, సభలు ఏర్పాటుచేయు తహశీల్దారుకును పోలీసు అధికారికిని అందజేయవలెనని కోరుచున్నాను. ఉదయము పది దాటిన తరువాత ఏ మైదానమున ఎంత బరువు లేవదో వారి బల్లపై ఒక కాగితమున ఉన్ననాడు, వద్దని చెప్పు పైలటు ఒంటరివాడు కాడు.